ముఖ గుర్తింపు పరిశోధన: ఫోటోలు సేకరించే ముందే తేల్చుకోవాల్సినవి

ఒకసారి బయటికి వెళ్లిన ముఖాల డేటాసెట్‌ను (పరిశోధన కోసం పోగుచేసిన ఫోటోల సంపుటిని) వెనక్కి రప్పించడం ఎవరి వల్లా కాదు. సుమారు లక్ష మందివి కోటి ఫోటోలున్న ఎంఎస్-సెలెబ్-1ఎంను మైక్రోసాఫ్ట్ 2016లో విడుదల చేసి, 2019లో తీసేసింది. అప్పటికే డౌన్‌లోడ్ అయిన కాపీలు ఆ తర్వాత కూడా చేతులు మారాయి.

సిద్ధంగా దొరికే డేటాసెట్ వాడదలిస్తే, ఫోటోలు ఎక్కడివో, అనుమతి ఎవరిచ్చారో ముందు చూడండి. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (ఫోటోను ఇతరులు కొన్ని షరతులతో వాడుకోవచ్చనే అనుమతి) ఉంది కదా అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆ లైసెన్స్ ఇచ్చేది ఫోటో హక్కుదారు. ఫోటోలోని మనిషిని ఎవరూ అడిగి ఉండకపోవచ్చు. ఉపసంహరించిన డేటాసెట్ పాత కాపీ మీ దగ్గరున్నా వాడకండి.

సొంతంగా సేకరిస్తుంటే సమ్మతి పత్రంలో నాలుగు గడులు విడివిడిగా పెట్టండి: మోడల్ (ముఖాలను గుర్తించడం నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రామ్) శిక్షణకు, ఇతర ల్యాబ్‌లకు ఇవ్వడానికి, పేపర్లో ముఖం అచ్చువేయడానికి, వ్యాపార వాడకానికి. ఒకదానికి ఒప్పుకున్నవారు మిగతావాటికీ ఒప్పుకున్నట్టు కాదు. గైడ్ తన విద్యార్థులను తానే అడగకూడదు. మార్కులు ఆయన చేతిలో ఉన్నప్పుడు కాదనడం వాళ్లకు కష్టం, వేరేవాళ్లతో అడిగించండి.

అసలు చిక్కు ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకున్నప్పుడు బయటపడుతుంది. వాళ్ల ఫైళ్లు ఎక్కడెక్కడున్నాయో దొరకవు. మొదటి రోజే ప్రతి మనిషికీ ఒక యాదృచ్ఛిక సంఖ్య ఇచ్చి, ప్రతి ఫైలు పేరులో దాన్నే ఉంచండి. పేర్లకూ సంఖ్యలకూ లంకె చూపే పట్టిక వేరే ఎన్‌క్రిప్టెడ్ డిస్కులో ఉండాలి. ఏ శిక్షణలో ఏ సంఖ్యలు వాడారో రాసిపెట్టండి. తొలగించేటప్పుడు అసలు ఫోటోతో పాటు కత్తిరించిన ముఖాలు, మార్చిన నకళ్లు, బ్యాకప్‌లు, ఎంబెడింగ్‌లు అన్నీ పోవాలి. ఎంబెడింగ్ అంటే మోడల్ ఒక ముఖాన్ని మార్చి ఇచ్చే అంకెల వరుస. వట్టి అంకెలే కదా అనుకోవద్దు. దాని నుంచి ముఖాన్ని పోలిన బొమ్మను తిరిగి రాబట్టే పద్ధతులున్నాయి. శిక్షణ పూర్తయిన మోడల్‌ను మళ్లీ మొదటినుంచి తయారు చేయలేకపోతే, ఆ మాట పత్రంలో ముందే చెప్పండి.

ఫలితాల్లో ఒకే సగటు అంకె ఇవ్వకండి. 2018లో వచ్చిన జెండర్ షేడ్స్ అధ్యయనం ముఖాన్ని బట్టి లింగాన్ని చెప్పే మూడు వాణిజ్య వ్యవస్థలను పరీక్షించింది. లేత చర్మపు పురుషుల విషయంలో తప్పు 0.8 శాతం దాటలేదు; ముదురు చర్మపు స్త్రీల విషయంలో 34.7 శాతం దాకా వెళ్లింది. చర్మపు రంగు, లింగం రెండూ కలిపి చూస్తేనే ఈ తేడా అంత స్పష్టంగా కనబడుతుంది. ఒక వర్గంలో 30 స్వతంత్ర పరీక్షల్లో తప్పు లేకపోయినా సంతోషించకండి: 95 శాతం విశ్వాసంతో లెక్కిస్తే అసలు తప్పు రేటు సుమారు 10 శాతం దాకా ఉండొచ్చు.

ఒక ముఖాన్ని ఎంతమంది జాబితాలో వెతికారో కూడా రాయండి. తప్పుడు జోడీ రేటు (ఇద్దరు వేర్వేరు మనుషుల ముఖాలను ఒకరివే అని చెప్పే రేటు) 0.1 శాతమే అయినా, 10,000 మంది జాబితాలో వెతికితే ప్రతి వెతుకులాటకూ సగటున 10 మంది అమాయకులు పొరపాటున జోడీగా తేలతారు.

ముఖం చూసి నేరస్వభావాన్నో మైనారిటీ జాతినో పసిగట్టే పని మాత్రం ఎంత మంచి సమ్మతి ఉన్నా చేపట్టకండి. హాని పడేది ఫోటో ఇచ్చినవారికి కాదు, ఆ పనిముట్టు ఎవరి మీదికి తిరుగుతుందో వాళ్లకు.

డేటా పంచుకుంటే సంతకం తీసుకునే ఇవ్వండి, ఎవరెవరికి ఇచ్చారో జాబితా ఉంచండి. తొలగించాల్సిన సంఖ్యలు వచ్చినప్పుడు అవి వాళ్లందరికీ చేరాలి.