బోరు నీళ్ళ ఇంట్లో ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

పాత ప్రకాశం జిల్లాలో కనిగిరి, పొదిలి వైపు, నెల్లూరు జిల్లాలో ఉదయగిరి మెట్ట ప్రాంతంలో కాపురం ఉండేవారికి ఏ పద్దులోనూ విడిగా కనిపించని ఖర్చు ఒకటి ఉంటుంది. సబ్బు త్వరగా అరిగిపోతుంది, కందిపప్పు ఎన్ని కూతలు వచ్చినా పలుకుగానే ఉంటుంది, కొత్త కుళాయి ఏడాది తిరగకముందే గార పట్టి సన్నని ధారకు వస్తుంది, పిల్లల తెల్ల యూనిఫాం బూడిద రంగుకు తిరుగుతుంది. వీటన్నిటికీ కారణం ఒకటే, ఉప్పు నీళ్ళు. అలాంటి ఇంట్లో పొదుపు కూరగాయల బేరంతో కాకుండా నీళ్ళతో మొదలు కావాలన్నది నా అభిప్రాయం. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో కొత్త పని పెట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి, రోజూ చేసే పనిలోనే కలిసిపోయే పద్ధతులను మాత్రమే ఇక్కడ చెబుతున్నాను.

ముందు మీ నీటి సంగతి తెలుసుకోండి

ఒకే కొలత గల రెండు ఖాళీ సీసాలు తీసుకుని, ఒకదానిలో సగం వరకు బోరు నీరు, మరొకదానిలో సగం వరకు వాన నీరు గాని క్యాను నీరు గాని పోయండి. రెండింటిలోనూ బట్టల సబ్బు తురుము చిటికెడు చొప్పున వేసి, మూతలు బిగించి బాగా గిలకొట్టండి. బోరు నీటి సీసాలో నురగ నిలవకుండా, పైన తెల్లటి తెట్టు కడితే ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్నాయని అర్థం. సబ్బు మురికిని పట్టుకునే ముందే ఈ లవణాలతో కలిసి తెట్టుగా మారిపోతుంది కాబట్టి, మనం రుద్దే సబ్బులో కొంత భాగం నీటికే ఖర్చవుతుంది.

తరువాత అదే బోరు నీటిని ఒక గిన్నెలో పది నిమిషాలు మరిగించి, చల్లారనిచ్చి, పైతేట నీటితో మళ్ళీ పరీక్షించండి. ఈసారి నురగ మెరుగ్గా వస్తే ఆ కాఠిన్యం, అంటే లవణాల వల్ల నురగ రానివ్వని గుణం, బైకార్బనేట్ల వల్ల కలిగినది. మరిగించినప్పుడు అవి సున్నపు పొడిగా అడుగుకు దిగిపోతాయి. తేడా లేకపోతే సల్ఫేట్లు, క్లోరైడ్లు ఎక్కువగా ఉన్నట్టు లెక్క, వాటిని మరిగించి వదిలించుకోలేము. నీటిని చీర గుడ్డతో వడకట్టినా, పటిక తిప్పినా, చిల్లగింజ అరగదీసి కలిపినా బురద మాత్రమే దిగుతుంది, ఉప్పు దిగదు.

ఇక్కడే మరొక మాట చెప్పాలి. కనిగిరి ప్రాంతపు బోర్లలో ఫ్లోరైడ్ సమస్య చాలా కాలంగా ఉన్నదే. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది. నీరు మరిగితే ఆవిరి పోయి ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుందే తప్ప తగ్గదు. అందువల్ల తాగే నీటి విషయంలో పొదుపు చూడకండి. ఈ వ్యాసంలోని చిట్కాలేవీ తాగే నీటికి వర్తించవు.

పప్పుకు వేరే నీరు

కుక్కరు ఎన్ని కూతలు కూసినా పప్పు మెత్తబడకపోవడానికి పప్పు పాతదై ఉండటం ఒక కారణం, నీటిలోని కాల్షియం మరొక కారణం. గింజ గోడలలోని పెక్టిన్ అనే జిగురు పదార్థంతో కాల్షియం జతకూడి దానిని గట్టిపరుస్తుంది. తాగడానికి తెచ్చుకున్న నీటిలో నుంచి పప్పుకు సరిపడా మాత్రమే విడిగా తీసి, కడిగిన కందిపప్పును ఆ నీటిలోనే అరగంట నానబెట్టి, నానిన నీటితోనే కుక్కరులో పెడితే మంట మీద ఉండే సమయం తగ్గుతుంది. కడగడానికి బోరు నీరు చాలు. శనగలు, రాజ్మా వంటివి ముందు రాత్రే నానబెట్టుకోవాలి.

పులుపు కూడా పప్పును ఉడకనివ్వదు. మామిడికాయ ముక్కలనో గోంగూరనో పప్పుతో కలిపి ఒకేసారి కుక్కరులో పెట్టడం మనకు అలవాటు, పని కూడా తేలికే. కానీ మీ నీరు కఠినమైనదైతే పప్పు ఉడికిన తరువాతే వాటిని చేర్చి మరో ఐదు నిమిషాలు మగ్గనివ్వండి. మొదటి కూత వచ్చాక మంట తగ్గించడం మరవకండి. ఆవిరి బుసలు కొడుతూ పోతుంటే లోపల వేడి పెరగదు, గ్యాసు మాత్రం తగలబడుతుంది. కొందరు చిటికెడు వంట సోడా వేస్తారు. పప్పు మెత్తబడే మాట నిజమే గాని, బి1 విటమిను నశిస్తుంది కాబట్టి రోజూ వేయడం మంచిది కాదు.

బట్టలకు చాకలి సోడా

కిరాణా కొట్లో దొరికే చాకలి సోడాను ఒక బకెట్టు నీటికి ఒక పెద్ద చెంచా చొప్పున కలిపి, పదిహేను నిమిషాలు వదిలేసి, ఆ తరువాత బట్టలు నానబెట్టండి. సోడా ముందుగా నీటిలోని కాల్షియంతో కలిసి దానిని అడుగుకు దించుతుంది కాబట్టి, ఆ తరువాత రుద్దిన సబ్బు మురికి మీదనే పనిచేస్తుంది. ఉదయం బకెట్టు నింపి సోడా వేసి, కాఫీ తాగి వచ్చేసరికి నీరు సిద్ధంగా ఉంటుంది. పట్టుకు, ఉన్నికి సోడా తగలనివ్వకండి. అల్యూమినియం పాత్రలో కలపకండి. చేతులకు మంట పుట్టే గుణం ఉంది గనుక కర్రతో తిప్పడం మేలు. వాషింగ్ మెషీన్ పొడులలో చాలావాటికి సోడా ముందే కలిపి ఉంటుంది కాబట్టి, ఈ ఉపాయం సబ్బు బిళ్ళ వాడేవారికే ఎక్కువ ఉపయోగం.

బూడిద రంగుకు తిరిగిన తెల్ల బట్టలకు ఆఖరి జాడింపు నీటిలో అర చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపితే, నూలులో పేరుకున్న సబ్బు తెట్టు వదులుతుంది. ఒక్కసారికే మల్లెపూవులా తెల్లబడతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి, నాలుగైదు ఉతుకుల మీద తేడా తెలుస్తుంది.

గారకు నిమ్మ తొక్కలు

పొదలకూరు నిమ్మ మార్కెట్టు మన పక్కనే ఉన్నా ఎండాకాలంలో మనకూ నిమ్మకాయ ప్రియమే. అందుకే పిండేసిన తొక్కను పారేయకూడదు. తొక్కలను ఒక డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో దాచుకుంటూ, ఇరవై చెక్కలు పోగైనప్పుడు లీటరు నీటిలో వేసి ఇరవై నిమిషాలు మరిగించి వడకట్టుకోండి. ఈ పనిని గార పట్టిన స్టీలు గిన్నెలోనో, లోపల నల్లబడిన అల్యూమినియం కుక్కరులోనో చేస్తే, నీరు తయారవుతుండగానే పాత్ర కూడా శుభ్రపడుతుంది. చల్లారిన నీటిని స్ప్రే సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వారం పాటు సింకుకు, కుళాయిలకు, స్నానాల గది పలకలకు వాడుకోవచ్చు.

మందంగా పేరుకున్న గారకు ఈ నీటి బలం చాలదు. అప్పుడు లీటరు వేడి నీటికి రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కలపండి. కుళాయి మూతికి ఆ నీటిలో ముంచిన పాత నూలు గుడ్డను చుట్టి, రాత్రి పడుకునే ముందు రబ్బరు బ్యాండు వేసి వదిలేస్తే, ఉదయం పాత టూత్ బ్రష్‌తో రుద్దగానే గార రాలిపోతుంది. షవర్ బిళ్ళను విప్పి మగ్గులో నానబెట్టడం ఇంకా తేలిక. నీళ్ళు కాచే రాడ్డునైతే ప్లగ్గు పూర్తిగా తీసి, చల్లారిన తరువాతే నానబెట్టాలి.

పులుపు ఏ రాతి మీద పడుతున్నదో చూసుకోవాలి. కడప బండ, పాలరాయి సున్నపు జాతి రాళ్ళు. గారను కరిగించే నిమ్మరసం వాటినీ కరిగించి మెరుపు పోగొడుతుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటుకు ఆ భయం లేదు. మీ వంటింటి గట్టు ఏ రాయో తెలియకపోతే మూలన ఒక చుక్క నిమ్మరసం వేసి చూడండి, బుడగలు వస్తే అక్కడ పులుపు వాడకండి.

బ్లీచింగ్ పౌడరుతో గాని, బ్లీచ్ ఉన్న ద్రావకాలతో గాని నిమ్మ నీటిని ఎప్పుడూ కలపకూడదు. అలా కలిపితే క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఇక వంట సోడా, నిమ్మరసం కలిపి పొంగించే చిట్కా ఎంత ప్రచారంలో ఉన్నా నాకు నమ్మకం లేదు. రెండూ ఒకదానినొకటి విరిచేసుకుంటాయి, పొంగు చూడటానికి బాగుంటుంది, అంతే. బెల్లం, తొక్కలు, నీరు కలిపి మూడు నెలలు పులియబెట్టే ద్రావకాన్ని ఇష్టపడేవారు చేసుకోవచ్చు గాని, తీరిక లేని ఇంటికి ఇరవై నిమిషాల మరుగే నయం.

పారేసే నీరు, పడే నీరు

ఇంట్లో ఆర్.ఓ. యంత్రం ఉంటే ఒక బిందె మంచినీటికి రెండు మూడు బిందెల నీరు కాలువలోకి పోతుంది. ఆ గొట్టాన్ని మూత ఉన్న డ్రమ్ములోకి తిప్పి, మరుగుదొడ్డికి, వాకిలి కడగడానికి వాడుకోండి. ఆ నీటిలో ఉప్పు మరింత ఎక్కువ కాబట్టి బట్టలకు, కుండీలలోని మొక్కలకు పనికిరాదు.

నెల్లూరు జిల్లాకు వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ రోజులలో మేడ మీది గొట్టం కింద డ్రమ్ము పెట్టి, మూతికి ఉతికిన నూలు పంచె కట్టి, మొదటి వాన దుమ్మును కడిగిపోనిచ్చి, తరువాతి వాన నుంచి పట్టుకోండి. తలస్నానానికి, యూనిఫాం ఉతకడానికి అంతకంటే మెత్తటి నీరు దొరకదు. దోమలు చేరకుండా గుడ్డను ఎప్పుడూ బిగుతుగా కట్టి ఉంచాలి.

గీజరును మధ్యస్థమైన వేడికి పెట్టుకుంటే గార నెమ్మదిగా పడుతుంది, కరెంటూ తగ్గుతుంది. దానిని విప్పి శుభ్రం చేసే పని మాత్రం ఏడాదికోసారి మెకానిక్‌కు వదిలేయండి. కూలరు తొట్టిలో నీరు ఆవిరవుతూ ఉప్పును వదిలిపోతుంది కాబట్టి, పాత నీటి మీదే కొత్త నీరు పోస్తూ పోకుండా, వారానికోసారి పూర్తిగా వంపేసి నిమ్మ నీటితో తుడవండి. ఇన్వర్టరు బ్యాటరీలో మాత్రం బోరు నీరు గాని, వాన నీరు గాని పోయకండి, దానికి డిస్టిల్డ్ వాటరే కొనాలి.