జీడీఎస్ వేరే టూల్‌లోకి వెళ్లగానే లేఅవుట్ తేడా కొడుతోందా?

చిప్ లేఅవుట్‌ని జీడీఎస్‌గా (టూల్స్ మధ్య లేఅవుట్ పంపుకునే ఫైల్ ఫార్మాట్) ఎక్స్‌పోర్ట్ చేశాం, అవతల ఇంపోర్ట్ చేశాం, ఏదో తేడాగా ఉందండీ అని వచ్చేవాళ్లని నేను ముందు అడిగేది ఒక్కటే, లాగ్ చదివారా? ఎర్రర్లు సున్నా అని కనబడగానే మూసేస్తారు, మన సమస్య మాత్రం కింద వార్నింగుల్లో కూర్చుని ఉంటుంది. దయచేసి అది చదివాకే మిగతావి.

కొన్ని లేయర్లు రాలేదు

లేయర్ మ్యాప్ చూడండి, ఏ లేయర్‌కి ఏ నంబరో చెప్పే ఫైల్ అది. జీడీఎస్‌లో మెటల్, పాలీ అనే పేర్లుండవు, లేయర్ నంబరూ డేటాటైప్ నంబరూ కలిస్తేనే ఒక లేయర్. మ్యాప్‌లో 31/0 ఉండి 31/1 లేకపోతే ఆ షేపులు అక్కడే రాలిపోతాయి. రెండు వైపులా ఒకే పీడీకే (చిప్ ఫ్యాక్టరీ ఇచ్చే డిజైన్ కిట్) వెర్షన్ మ్యాప్ వాడండి. షేపులన్నీ వచ్చి ఎల్‌వీఎస్‌లో (లేఅవుట్ సర్క్యూట్‌తో సరిపోతోందా అని చూసే చెక్) పోర్టులు మాత్రమే కనబడట్లేదంటే లేబుళ్లు చూడండి, వాటికి డేటాటైప్ కాదు, టెక్స్ట్‌టైప్ అని వేరే నంబరుంటుంది.

సైజు మారింది, లేదా 1 నానోమీటర్ సందులు

కోఆర్డినేట్లన్నీ పూర్ణాంకాలే, ఒక యూనిట్ అంటే ఎంతో ఫైల్ మొదట్లో యూనిట్స్ రికార్డు చెప్తుంది. 0.5 నానోమీటర్ గ్రిడ్‌లో గీసి 1 నానోమీటర్‌తో ఎక్స్‌పోర్ట్ చేస్తే 12.5 దగ్గరున్న అంచు 12కో 13కో జరిగిపోతుంది. ఒకసారి రౌండ్ అయ్యాక అవతల స్కేల్ మార్చినా తిరిగి రాదు, సోర్స్ నుంచి మళ్లీ తీయాల్సిందే.

బ్లాక్ విడిగా క్లీన్, టాప్‌లో కలిపితే ఫెయిల్

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఒక బ్లాక్ విడిగా డీఆర్‌సీ (డిజైన్ రూల్స్ చెక్), ఎల్‌వీఎస్ రెండూ క్లీన్, టాప్‌లో (మొత్తం చిప్‌లో) కలపగానే దాని లోపల ట్రాన్సిస్టర్ సైజులు కలవట్లేదని ఎల్‌వీఎస్ గోల, నేనేమో టాప్ రూటింగ్‌ని అనుమానించి రెండు రోజులు వైర్లు తవ్వుకుంటూ కూర్చున్నా. అసలు సంగతి సెల్ (లేఅవుట్‌లో పేరున్న ముక్క) పేర్లు. జీడీఎస్‌లో ఒక ఇన్‌స్టెన్స్ (సెల్‌ని వాడుకున్న చోటు) తన సెల్‌ని పేరుతో మాత్రమే వెతుక్కుంటుంది, అది ఏ లైబ్రరీదో అందులో రాసి ఉండదు. పీసెల్స్ (సైజు ఇస్తే షేపులు తామే గీసుకునే సెల్స్) ఎక్స్‌పోర్ట్ అయినప్పుడు టూల్ తనంతట తానే పేరు చివర నంబర్లు తగిలిస్తుంది కదా, అలా రెండు బ్లాకుల్లోనూ ఎన్‌మాస్_1 అనే సెల్ పుట్టింది, పేరు ఒకటే, విడ్త్ వేరు. కలిపేటప్పుడు కొన్ని టూల్స్ మొదటిదాన్ని ఉంచుతాయి, కొన్ని చివరిదాన్ని, కేలేఅవుట్ అనే లేఅవుట్ టూల్ అయితే మనం ఆప్షన్ మార్చకపోతే రెండిటి షేపుల్నీ ఒకే సెల్‌లో పోసేస్తుంది. కంటికి దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి జూమ్ చేసి చూస్తే దొరకదు.

కలపకముందే రెండు ఫైళ్ల సెల్ పేర్ల లిస్టులు తీసి ఉమ్మడిగా ఉన్నవి పట్టుకోండి, ఆ సెల్స్‌ని ఒకదానితో ఒకటి ఎక్స్ఓఆర్ చేయండి, అంటే రెండిట్లో తేడా ఉన్న భాగం మాత్రమే మిగులుతుంది. ఖాళీగా వస్తే రెండూ ఒకటే, వదిలేయండి. ఏదైనా మిగిలితే దొంగ దొరికినట్టే. అప్పుడు ఆ బ్లాక్‌లో సెల్ పేర్ల ముందు ప్రిఫిక్స్ పెట్టి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి, ఆ బ్లాక్ టాప్ సెల్ పేరు మాత్రం కదపొద్దు, నెట్‌లిస్ట్ (సర్క్యూట్ కనెక్షన్ల లిస్టు) దాన్నే వెతుకుతుంది. చేత్తో ఒక్కో సెల్ పేరు మార్చే పని పెట్టుకోకండి, ఒక్క రిఫరెన్స్ మిస్సయినా సెల్ గల్లంతు. ఇంకోటి, ప్రిఫిక్స్ పొట్టిగా పెట్టండి. పాత జీడీఎస్ స్పెక్‌లో సెల్ పేరు 32 అక్షరాలే, ఆ లిమిట్ పాటించే టూల్ ఏదైనా దారిలో ఉంటే తోక కోసేస్తుంది, తేడా చూపించే నంబరు ఉండేది ఆ తోకలోనే, మళ్లీ అవే పేర్లు గుద్దుకుంటాయి. పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ ఒకటే అనుకునే టూల్‌తోనూ ఇదే గొడవ.

పాలిగన్‌లో పాయింట్లు ఎక్కువయ్యాయనో, పాత్ చివర్ల టైప్ మారిందనో అప్పుడప్పుడు వస్తాయి, లాగే చెప్తుంది, వాటితో మొదలుపెట్టకండి.

అంతా సరిచేశాక, కలిపిన ఫైల్‌లోంచి ఆ బ్లాక్‌ని తీసి ఒరిజినల్‌తో అన్ని లేయర్ల మీదా ఎక్స్ఓఆర్ వేయండి. ఒక్క షేప్ మిగిలినా ఆ ఫైల్ ముందుకు పంపొద్దు.