కొత్త సీటీఎంలో కాంక్రీటు క్యూబులు తక్కువ లోడుకే పగిలిపోతున్నాయా? ముందు గ్రీజు చూడండి

భీమవరం, తణుకు, అమలాపురం వైపు ల్యాబుల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. కాంక్రీటు క్యూబుని నొక్కి బలం చూసే కొత్త కంప్రెషన్ టెస్టింగ్ మెషీన్ (సీటీఎం) వచ్చింది, హైడ్రా క్రేన్‌తో దించాం, కరెంటు ఇచ్చాం, ఎం25 గ్రేడు కాంక్రీటుతో పోసిన 150 మిల్లీమీటర్ల క్యూబు 562 కిలోన్యూటన్లు దాటాల్సింది పోయి చాలా ముందే పగిలిపోతోంది అంటారు. వెంటనే అనుమానం సిమెంటు మీదకు, ఇసుక మీదకు, సైటు మేస్త్రీ మీదకు పోతుంది. పగిలిన ముక్కల్ని మాత్రం ఎవరూ చూడరు, ఊడ్చి పారేస్తారు. దయచేసి పారేయకండి, కారణం అక్కడే కనబడుతుంది.

సరిగ్గా పగిలిన క్యూబుకి నాలుగు పక్కలా ఇంచుమించు సమానంగా పెచ్చులు ఊడి, డమరుకంలా నడుము సన్నబడిన ముక్క మిగులుతుంది. అలా మిగిలితే మెషీన్‌ని వదిలేసి కాంక్రీటు సంగతి చూసుకోండి.

క్యూబు నిలువునా పలకలు పలకలుగా చీలితే

క్యూబుని పైనా కిందా నొక్కే ప్లేట్ల ముఖాల మీద ప్యాకింగ్ గ్రీజు ఉండిపోయింది. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో రాసి పంపుతారు. పైపైన గుడ్డతో తుడిస్తే జిడ్డు పొర మిగులుతుంది. ప్లేటుకీ క్యూబుకీ మధ్య ఉండాల్సిన రాపిడి పోయి, క్యూబు పక్కలకు జారుతూ తక్కువ లోడుకే చీలిపోతుంది. కిరోసిన్‌తో కడిగి, పొడి గుడ్డతో వేలికి జిడ్డు అంటనంత వరకు తుడవండి. క్యూబుకీ ప్లేటుకీ మధ్య అట్టముక్కలూ ప్లైవుడ్ ముక్కలూ పెట్టే అలవాటు ఉంటే అదీ మానేయండి, కాంక్రీటు టెస్టుల భారతీయ ప్రమాణం ఐఎస్ 516 ఏ ప్యాకింగూ పెట్టొద్దనే చెబుతుంది.

ఒక పక్కే పగిలి మిగతా పక్కలు చెక్కుచెదరకుండా ఉంటే

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. క్యూబు సెంటర్‌లో ఉందా, లోడు పడే ముఖాలు అచ్చుకి ఆనిన పక్కలేనా, తాపీతో చదును చేసిన పై ముఖాన్ని పొరపాటున ప్లేటు కింద పెట్టారా అన్నది మీరు ఎలాగూ చూస్తారు. అవన్నీ బాగానే ఉంటే చేత్తో పై ప్లేటు పట్టుకుని నాలుగు వైపులా ఊపి చూడండి. అర నిమిషం పని. ఇది చెయ్యకుండా కాంట్రాక్టరు బిల్లు ఆపేసిన చోట్లు ఉన్నాయి, ఆ మనిషి బాధ చూస్తే నాకు కోపం ఆగదు.

పై ప్లేటు వెనక గోళంలో ముక్కలాంటి బాల్ సీటింగ్ ఉంటుంది. క్యూబు ముఖం కొంచెం వాలుగా ఉన్నా ప్లేటు దానికి తగ్గట్టు సర్దుకోవాలి, లోడు పెరిగాక అదే రాపిడితో బిగుసుకుని కదలకుండా నిలబడాలి. మెషీన్ వానాకాలమంతా పెట్టెలోనే షెడ్డులో పడి ఉంటే, మన డెల్టా తేమకి లోపలి గ్రీజు ముద్దకట్టి, ఒక్కోసారి తుప్పుతో కలిసి, సీటింగ్ మొత్తం బిగుసుకుంటుంది. ఇక ప్లేటు క్యూబుకి ఒక అంచునే ఆనుతుంది, లోడంతా ఆ పక్కనే.

ఇంకో రకం మరీ మోసం చేస్తుంది. సముద్రపు గాలికి తుప్పు పడుతుందని భయపడి చక్రాలకు పెట్టే గ్రీజు తెచ్చి సీటింగ్‌లో దట్టంగా కూరతారు. చేత్తో ఊపితే ప్లేటు హాయిగా తిరుగుతుంది, బాగానే ఉందనుకుంటారు. కానీ లోడు పెరుగుతున్నా సీటింగ్ బిగుసుకోదు, క్యూబులో బలహీనంగా ఉన్న పక్క నలగడం మొదలవగానే ప్లేటు అటే వాలిపోతుంది. అంటే బిగుసుకున్నా తప్పే, మరీ జారినా తప్పే, రెండింటికీ పగులు ఒకేలా కనబడుతుంది. అందుకే చేత్తో ఊపి ఊరుకోకుండా సీటింగ్ విప్పి చూడమంటాను.

మెషీన్ తప్పా, క్యూబు తప్పా అన్నది తేల్చడం తేలికే. ఒకే బ్యాచ్ క్యూబుల మీద అచ్చులో ఒకే వైపు ఉన్న ముఖానికి సుద్దతో గుర్తు పెట్టి, ఒక్కోసారి ఆ గుర్తు ఒక్కో వైపుకి వచ్చేలా పెట్టి నొక్కండి. పగులు ఎప్పుడూ మెషీన్‌లో ఒకే వైపు వస్తే మెషీన్‌దే. గుర్తుతో పాటు తిరుగుతుంటే అచ్చు వంకరది.

విప్పే ముందు మెయిన్ ఆఫ్ చెయ్యండి. పై ప్లేటు బరువైనది, వేళ్లు నలిగిపోతాయి. కింద ప్లేటు మీద చెక్కదిమ్మలు పేర్చి పై ప్లేటు వాటి మీద ఆనాకే స్ప్రింగు బోల్టులు వదులు చెయ్యండి, ఇద్దరు ఉండాలి. వంపు ముఖాలు కిరోసిన్‌తో కడగండి, ఎమెరీ పేపర్ మాత్రం ముట్టించొద్దు, లోతుగా తుప్పు తిన్నట్టుంటే కంపెనీ వాళ్లనే పిలవండి. ఆరాక పల్చగా ఇంజిన్ ఆయిల్, లేదా మాన్యువల్‌లో రాసింది. గ్రీజు వద్దు. తర్వాత ప్రతి టెస్టులో ప్లేటు క్యూబుకి ఆనుతుండగా చేత్తో మెల్లగా తిప్పి సర్దండి, ఆ తర్వాతే చెయ్యి తీసి లోడు పెంచండి, సెకనుకి దాదాపు 5.2 కిలోన్యూటన్ల చొప్పున.

లోడు అసలు ఎక్కకపోతే

త్రీఫేజ్ మోటారు బాణం గుర్తు వైపే తిరుగుతోందా చూడండి, లేకపోతే రెండు ఫేజులు మార్పించండి. ఆయిల్ ట్యాంకుకి రవాణా కోసం బిగించిన మూత తీసి గాలి ఆడే మూత పెట్టారా? రొయ్యల చెరువుల ఏరియేటర్లు నడిచే వేళ వోల్టేజీ పడిపోతోందా? ఇంతకు మించి పంపు పాడవడం కొత్త మెషీన్‌లో అరుదు.

లెవెల్ నిలబడకపోతే

మెరక చేసిన స్థలంలో టైల్స్ మీద నిలబెడితే అంతే. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు నల్లమట్టి ముడుచుకుంటుంది, నీళ్లు వదిలాక ఉబ్బుతుంది, ఫ్లోరింగూ దాంతో కదులుతుంది. టైల్స్ తీసి, విడిగా కాంక్రీటు దిమ్మ పోసి, బోల్టులు గ్రౌట్ చేసి, రసమట్టం కింద ప్లేటు మీద రెండు దిశల్లోనూ పెట్టి చూడండి, రంగు వేసిన పై ఫ్రేము మీద కాదు.

ఇవన్నీ అయ్యాకే క్యాలిబ్రేషన్, అంటే మెషీన్ చూపే లోడు సరైనదేనా అన్న తనిఖీ, చేయించండి. లారీ ఎక్కకముందు ఫ్యాక్టరీలో ఇచ్చిన సర్టిఫికెట్ చూపించి రిపోర్టులు ఇవ్వొద్దు.