ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌లో మీ కేసు మీరే – 5వ పాఠం: విట్‌నెస్ స్టేట్‌మెంట్ రాయడం

గత పాఠంలో బండిల్ (కేసు కాగితాల కట్ట) సిద్ధం చేశాం. కాగితాలన్నీ తేదీల వరుసలో పెట్టి, ప్రతి పేజీకీ నంబరు వేశాం. ఈసారి వాటికి మీ మాట తోడవ్వాలి. అదే విట్‌నెస్ స్టేట్‌మెంట్, అంటే జరిగింది మీరే రాసి ఇచ్చే సాక్ష్యం. ఈ పాఠం ఇంగ్లండ్, వేల్స్‌లో ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌లో, అంటే ఉద్యోగ వివాదాలు విచారించే కోర్టులో, కేసు వేసినవారి కోసం. స్కాట్లండ్‌లో సాధారణంగా సాక్ష్యం నోటితోనే చెప్పిస్తారు.

విచారణ రోజున జడ్జి ముందు జరిగిందంతా చెప్పుకోవచ్చని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. మామూలుగా అలా ఉండదు. జడ్జి మీ స్టేట్‌మెంట్ ముందే చదువుతారు, అదే మీ ప్రధాన సాక్ష్యం. మీరు ప్రమాణం చేసి, అందులో రాసింది నిజమేనని చెప్పాక అవతలి లాయరు ప్రశ్నలు మొదలవుతాయి. రాయకుండా వదిలేసిన విషయం అప్పుడు చేర్చాలంటే జడ్జి ఒప్పుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇళ్లకు వెళ్లి వృద్ధులను చూసుకునే కేర్ వర్కర్‌కు, ఒక విజిట్ నుంచి ఇంకో విజిట్‌కు వెళ్లే సమయానికి జీతం ఇవ్వలేదు. కనీస వేతనం లెక్కలో ఆ ప్రయాణం కూడా పని సమయమే. సొంత ఇంటి నుంచి మొదటి విజిట్‌కు వెళ్లేది మాత్రం మామూలుగా లెక్కలోకి రాదు. ఆమె మొదట ఇలా రాసింది అనుకుందాం:

"కంపెనీవాళ్లు నన్ను దోచుకున్నారు. రోజూ ఉచితంగా పని చేయించుకున్నారు. వీసా పోతుందని బెదిరించారు."

ఇందులో ప్రతి మాటా నిజమే కావచ్చు. కానీ ఎవరు బెదిరించారు, ఏ రోజు, ఏమని? జడ్జికి పట్టుకోవడానికి ఏమీ లేదు. అదే విషయం ఇలా రాస్తే:

"12. 2025 మార్చి 4న నాకు ఆరు విజిట్లు ఉన్నాయి. ఉదయం 7 గంటలకు మొదలుపెట్టి మధ్యాహ్నం 2 గంటలకు ముగించాను (రోటా, 41వ పేజీ). మధ్యలో ప్రయాణానికి గంటన్నర పట్టింది. జీతం విజిట్ల సమయానికే వచ్చింది (పే స్లిప్, 57వ పేజీ).

13. మార్చి 10న బ్రాంచ్ మేనేజర్‌కు ఫోన్ చేసి అడిగాను. 'ఇలాగే అడుగుతుంటే నీ స్పాన్సర్‌షిప్ ఆపేస్తాం' అని ఆమె అన్నారు. ఆ సాయంత్రం నేను ఆమెకు పంపిన మెసేజ్ 63వ పేజీలో ఉంది."

ఒక్కో పేరాకు ఒక్కో నంబరు, ఒక్కో విషయం. మొదటిసారి ప్రస్తావించినప్పుడు మనిషి పూర్తి పేరు, హోదా రాయండి. తర్వాత కూడా "రమ్మన్నారు", "వద్దన్నారు" అని వదిలేయకుండా ఎవరన్నారో చెప్పండి. చట్టం గురించిన వాదనలు ఇక్కడ వద్దు, వాటి చోటు విచారణ చివర్లో వస్తుంది.

మీకు ఇబ్బంది కలిగించే విషయాలను దాచకండి. ఆరు నెలలు ఫిర్యాదు చేయలేదా? అవతలి లాయరు మొదట అడిగేది అదే. "నా వీసా ఆ కంపెనీ మీదే ఆధారపడి ఉంది, ఉద్యోగం పోతే పిల్లలతో ఎక్కడికి వెళ్లాలో తెలియక ఊరుకున్నాను" అని మీరే ముందు రాయండి. మీ భయం కూడా సాక్ష్యమే. స్టేట్‌మెంట్‌లో ఉంటే అది కారణంగా కనిపిస్తుంది. ప్రశ్న పడ్డాక చెబితే సాకులా వినిపిస్తుంది.

తెలుగు వాట్సాప్ మెసేజ్‌లు వాడుతుంటే మొత్తం సంభాషణకు ఇంగ్లిష్ అనువాదం పక్కన పెట్టండి, మీకు పనికొచ్చే రెండు లైన్లకే కాదు. స్టేట్‌మెంట్‌ను స్నేహితుడి చేత గొప్ప ఇంగ్లిష్‌లో రాయించుకోవద్దు. అందులో మీకు అర్థం కాని మాట ఉంటే, విచారణలో దాని మీదే ప్రశ్న పడితే, మీ నిజం కూడా అనుమానంగా కనిపిస్తుంది. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ట్రిబ్యునల్‌ను ముందుగానే అడగండి, ఖర్చు మీ మీద పడదు. ఏకాస్ (Acas, ఉద్యోగికీ యజమానికీ రాజీ కుదర్చడానికి సాయపడే సంస్థ) ద్వారా జరిగిన రాజీ మాటలు మాత్రం స్టేట్‌మెంట్‌లో రానివ్వకండి.

చివర "ఇందులోని విషయాలు నిజమని నమ్ముతున్నాను" అని రాసి సంతకం, తేదీ పెట్టండి. సాధారణంగా ఇరుపక్షాలూ ఒకేసారి స్టేట్‌మెంట్లు ఒకరికొకరు పంపుకుంటాయి. ట్రిబ్యునల్ పంపిన ఆర్డర్‌లో ఉన్న తేదీ చూసుకోండి, మీది ముందే పంపేయకండి.

ఈ వారం అభ్యాసం: మీ కేసులో ఒక్క రోజు ఎంచుకుని మూడు పేరాలు రాయండి. "ఎప్పుడూ", "దారుణంగా" లాంటి మాటలు కొట్టేసి, వాటి చోట తేదీ, గంట, పేజీ నంబరు పెట్టండి. వచ్చే పాఠంలో మీకు రావాల్సిన డబ్బు లెక్క వేద్దాం. పే స్లిప్‌లు దగ్గర పెట్టుకోండి.