ఉరుముల కాలానికి ముందు: వైఫై ఎక్స్‌టెండర్ అమర్చుకునేవారికి జాగ్రత్తలు

పర్లాకిమిడి, బరంపురం, రాయగడ ప్రాంతాలలో కాలబైశాఖి గాలివానలు మొదలుకాకముందే ఎక్స్‌టెండర్‌తో, అంటే రూటర్ సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే పరికరంతో, వెనక గదులకు సిగ్నల్ అందించుకోదలచినవారు ముందుగా వీటిని చూసుకోవాలి.

అసలు రూటర్‌పై ఉన్న రీసెట్‌ను ఎట్టి పరిస్థితిలోనూ నొక్కకండి. కనెక్షన్ ఇచ్చినవారు అమర్చిన లాగిన్ వివరాలు చెరిగిపోతే, వారి మనిషి వచ్చేదాకా ఇల్లంతటికీ నెట్ ఉండకపోవచ్చు. నొక్కవలసింది డబ్ల్యుపిఎస్ బటన్, అంటే పాస్‌వర్డ్ టైపు చేయకుండానే ఎక్స్‌టెండర్‌ను రూటర్‌కు జతచేసేది. కొన్ని రూటర్లలో రెండు పనులకూ ఒకే బటన్ ఉంటుంది కనుక దానిని ఎక్కువసేపు అదిమిపెట్టకూడదు.

సిగ్నల్ లేని గదిలో ఎక్స్‌టెండర్ పెట్టకండి. తనకే అందనిదాన్ని అది ముందుకు పంపలేదు. రూటర్ పక్కనే ఉంచి జతచేసి, ఆ తరువాత మధ్యకు మార్చాలి. వీధి గది నుంచి పెరటి దాకా పొడవుగా సాగే మన పాత ఇళ్ళలో, తలుపులు ఒకే వరుసలో ఉంటాయి కనుక, నడిమిల్లే సరైన చోటు. ఇనుప బీరువా, ఫ్రిజ్‌ల చాటున మాత్రం వద్దు.

మందపు గోడలుంటే వైఫై బ్యాండ్లలో (రేడియో తరంగాల శ్రేణులలో) 2.4 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. 5 గిగాహెర్ట్జ్ వేగమైనదే గాని గోడలు దాటేసరికి నీరసిస్తుంది.

అమర్చేటప్పుడు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపండి. లేకుంటే సెట్టింగుల పేజీ తెరుచుకోకపోవచ్చు.

రూటర్‌లో డబ్ల్యుపిఎ3 (కొత్త తరహా వైఫై భద్రతా పద్ధతి) ఒక్కటే ఉంటే డబ్ల్యుపిఎస్ పనిచేయదు. పాస్‌వర్డ్ టైపు చేయక తప్పదు.

ఒకే బ్యాండ్ పరికరంలో వేగం సుమారు సగానికి పడిపోవడం లోపం కాదు. వాపసుకు తొందరపడకండి.

మబ్బు కమ్మగానే, మెరుపులు దగ్గరపడకముందే, రూటర్, ఎక్స్‌టెండర్ రెండింటి ప్లగ్గులూ ఊడదీయండి. పిడుగుపాటుకు కరెంటు తీగలో పోటెత్తే వోల్టేజీని స్విచ్ ఆపలేదు.