టైపింగ్ పని పేరుతో డబ్బు పోతే ముందు చేయాల్సినవి

కర్నూలులో గోడకు అంటించిన కాగితం చూసో, టెలిగ్రామ్‌లో వచ్చిన మెసేజ్ చూసో ‘ఇంట్లో కూర్చుని పని’లో చేరి డబ్బు కట్టారా? అది మోసమని తెలిశాక వాళ్లను తిట్టకండి, నిలదీయకండి. తెలిసిపోయిందని పసిగడితే టెలిగ్రామ్‌లో చాటింగ్ మొత్తం మీ ఫోన్‌లోంచి కూడా చెరిపేయగలరు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పంపిన డబ్బు ఒక్క ఖాతాలో కూర్చోదు; అద్దెకిచ్చిన నాలుగైదు ఖాతాలు మారి, ఏటీఎంలో నోట్లుగా బయటికొస్తుంది. దారిలో ఉండగానే ఆపించాలి. మీరే పిన్ కొట్టి పంపారు గనక బ్యాంకు తన జేబులోంచి ఇస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు.

ఫోన్ చేసేటప్పుడు మీ ఖాతా నంబరు, తేదీ, సమయం, మొత్తం, యూటీఆర్ (ప్రతి చెల్లింపుకూ బ్యాంకు వైపు ఉండే గుర్తింపు నంబరు) దగ్గర పెట్టుకోండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఫోన్‌పేలో ‘టీ’తో మొదలయ్యే పొడవాటి నంబరు చెబుతారు. కావాల్సింది యూటీఆర్ అని రాసి ఉన్న 12 అంకెలది. ఐదుసార్లు పంపి ఉంటే ఐదూ చెప్పండి. లైను దొరక్కపోతే సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఫిర్యాదు పెట్టి, మీ బ్యాంకుకూ చెప్పండి. ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి.

తర్వాత స్క్రీన్‌షాట్లు. పేరు, ఫొటో ఎప్పుడైనా మార్చేస్తారు. ప్రొఫైల్ తెరిచి యూజర్‌నేమ్, ఫోన్ నంబరు కనపడేలా తీయండి. వాళ్లిచ్చిన యూపీఐ ఐడీలు కూడా. అవి పట్టుకుని దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. నేరం ఎక్కడ జరిగినా జీరో ఎఫ్ఐఆర్ కట్టొచ్చు. ఐటీ చట్టం 66డీ కింద ఇలాంటి మోసానికి మూడేళ్ల వరకు జైలు. ఖాతాలో ఆపిన డబ్బు మీ చేతికి రావడానికి చాలాసార్లు కోర్టు ఆర్డరు కావాలి, ఓపిక పట్టాల్సిందే.

డేటా ఎంట్రీ మోసం తీరు వేరు. ముందు రూపాయి అడగరు. వందల పేజీలు టైపు చేయించి, ‘తప్పులు ఎక్కువున్నాయి, అగ్రిమెంటు తప్పారు’ అంటూ వాట్సాప్‌లో లాయరు నోటీసు పంపి, కట్టకపోతే అరెస్టంటారు. టైపింగు సరిగ్గా చేయలేదని ఎవరూ అరెస్టు చేయరు, అది సివిల్ తగాదా. కట్టొద్దు. ఒకసారి కడితే రెండో నోటీసు వస్తుంది. ఆధార్, పాన్ ఇచ్చి ఉంటే టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో మీ పేరున ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకుని, మీవి కానివి రిపోర్టు చేయండి.

డబ్బు పోకముందే అనుమానం వస్తే అదే సంచార్ సాథీలో అనుమానపు కాల్స్, మెసేజ్‌లపై ఫిర్యాదుకు ‘చక్షు’ ఉంది. కాల్ వచ్చిన నంబరు, స్క్రీన్‌షాటు అందులో పెట్టండి. మామూలు ప్రచార కాల్స్ విసిగిస్తుంటే 1909కి ఫిర్యాదు చేయండి.

‘నీ ఖాతా ఇవ్వు, కమిషన్ ఇస్తా’ అనేది కూడా ఇంటి పనే అంటారు. ఒప్పుకుంటే ఖాతా ఆగిపోవడమే కాదు, కేసులో మీ పేరు ఉంటుంది. ఇంకొకటి: ఫిర్యాదు చేశాక ‘పోయిన డబ్బు ఇప్పిస్తాం, ఫీజు కట్టండి’ అని ఫోన్ వస్తే, అదీ ఈ బాపతే. ఆ నంబరూ చక్షులో పెట్టండి.