చిన్న సముద్రపు గుల్లలు గుర్తుపట్టుడు – 3వ పాఠం: రంగు పక్కన పెట్టి మూతి చూడుండ్రి

పోయిన రెండు పాఠాలల్ల గుల్లలు కడుగుడు, ఆరబెట్టుడు, చీటీ రాసుడు అయిపోయింది. ఇగ ఇయ్యాల అసలు పని, అంటే ముందలున్న గుల్ల ఏ ఇంటిదో (ఏ కుటుంబానిదో) పట్టుకునుడు. ఏ జాతో తర్వాత చూద్దాం, ముందు ఏ ఇంటిపేరో తెలిస్తే సగం పని అయినట్టే.

ముందుగాల నేను చేసిన తప్పు చెప్త, మీరు చెయ్యకుండ్రి. మొదటిసారి నల్లగొండల పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి గుంటూరు మీదికెంచి బాపట్ల పోయి, ఆడికెంచి ఆటోల సూర్యలంక పోయిన. పొద్దుమూకేదాక వంగి వంగి ఏరిన, నడుం పట్టేసింది కానీ ఒక కవర్ నిండ చొక్కా గుండీల లెక్కున్న చిన్న గుల్లలు దొరికినయ్. ఇంటికొచ్చి స్టీల్ తాంబాళంల పోసుకొని రంగుల వారీగ కుప్పలు పెట్టిన. గులాబీది ఒకటి, బూడిదది ఒకటి, తెల్లదాని మీద గోధుమ చారలది ఒకటి, జిగ్‌జాగ్ గీతలది ఒకటి, ఇట్ల మొత్తం పదకొండు కుప్పలైనయ్. పదకొండు జాతులు దొరికినయని మస్తు సంబరపడ్డ, మా ఆవిడకు సుత చూపెట్టిన. తీరా చూస్తే పదకొండు కాదు, అన్నీ ఒక్కటే జాతి, అంబోనియం వెస్టియారియం. ఈ జాతికి రంగుల లెక్కే ఉండదు, పక్కపక్కన ఇసుకల పుట్టిన రెండు గుల్లలకు రెండు తీర్ల డిజైన్ ఉంటది. మరి పదకొండు కుప్పలల్ల మారనిది ఏంది? బోర్లేసి చూస్తే తెలుస్తది. అడుగున నడిమధ్యల బొడ్డు, అంటే చిన్న గుంత, ఉండాల్సిన జాగల ఎవరో లప్పం పెట్టి పూడ్చినట్టు నున్నటి బిళ్ళ ఉంటది. అన్నిట్లకూ అదే బిళ్ళ. పైన పెయింట్ ఎన్ని తీర్లన్న ఉండనీ, ఇంటి పునాది మారదు కదా.

అందుకే ఈ పాఠంల రంగు ముచ్చటే ఎత్తం. సైజు గూడ ఇప్పుడొద్దు.

కావాల్సినవి: పదింతలు పెద్దగ చూపెట్టే లూపు (గడియారాలు రిపేర్ చేసేటోళ్ళ కాడ ఉంటది, అసొంటిది), నల్లబట్ట ముక్క, చీపురు పుల్ల, టేబుల్ లైటు. లైటు నెత్తి మీదికెంచి కాదు, పక్కకెంచి పడాలె, అప్పుడే గీతలు నీడ పడి లేచి కనబడ్తయ్. ఇంకొక మాట, ఫ్యాన్ బంద్ చేసుకోండ్రి. పోయిన ఎండాకాలం చీటీలన్నీ గుల్లల పక్కన విడిగ పరిచి చాయ్ కోసం లేచిన, మా పిలగాడు వచ్చి స్విచ్ వేసిండు, ఇరవై మూడు చీటీలు గదంత ఎగిరినయ్. ఏది సూర్యలంకదో ఏది చీరాల కాడి ఓడరేవు బీచ్‌దో ఇప్పటికీ తెల్వదు, ఆ గుల్లలు ఇప్పుడు అక్వేరియంల అలంకారానికే పనికొస్తున్నయ్. చీటీ లేని గుల్ల చిల్లిగవ్వ చెయ్యదు.

పట్టుకునే పద్ధతి ఒక్కటే. కొన పైకి, మూతి మీ మొఖం దిక్కు. ఎప్పుడు చూసినా ఇట్లనే చూడాలె, లేకుంటే పాఠమంత తలకిందులైతది. ఇట్ల పట్టుకుంటే మూతి మీ కుడిచెయ్యి దిక్కు ఉన్నదా, ఎడమచెయ్యి దిక్కా? సముద్రపు గుల్లలల్ల దాదాపు అన్నీ కుడిదిక్కువే. ఎడమది ఎట్లుంటదో చూడాలంటే సముద్రం దాక పోవద్దు, చేపల తొట్టిల నీటిమొక్కలతోని వచ్చి పిల్లలు పెట్టే చిన్న పలుచటి నత్త ఉంటది కదా, ఫైసా అంటరు, దాన్ని పట్టి చూడుండ్రి, మూతి ఎడమకు ఉంటది.

ఈడ చానమంది ఆగమైతరు, ఎందుకంటే మన దేవునింట్ల మాట వేరే ఉన్నది. దక్షిణావర్త శంఖం అని కుడి శంఖం అంటం కదా, అది సైన్స్ లెక్కల ఎడమ శంఖం. తప్పు ఎవరిదీ కాదు, మనోళ్ళు కొన కిందికి పెట్టి చూస్తరు, వాళ్ళు కొన పైకి పెట్టి చూస్తరు, అంతే. మన శంఖం పేరు టర్బినెల్లా పైరం, అండ్ల ఎడమ తిరుగుడుది చాన అరుదు, అందుకే అంత రేటు. దొంగ వ్యాపారం ఏందంటే, అమెరికా దిక్కు సముద్రంల పుట్టుకతోనే ఎడమ తిరిగే బ్యుసికాన్ అనే గుల్ల ఉంటది, దాన్ని తెచ్చి దక్షిణావర్తం అని అంటగడ్తరు. పట్టుకునుడు అల్కగనే ఉంటది: మూతిల లైటు కొట్టి లోపలి కంబం చూడుండ్రి. మన శంఖానికి కంబం మీద మూడు నాలుగు మడతలు మెట్ల లెక్క లేచి ఉంటయ్, బ్యుసికాన్‌కు నున్నగ ఉంటది. నేను ఒక దుకాణంల ఇట్ల లైటు కొట్టి చూస్తుంటే ఆయన "కొంటవా, పరీక్ష రాస్తవా" అన్నడు.

సరే, ఇప్పుడు మూతి. చీపురు పుల్ల తీసుకొని మూతి అంచు చుట్టూ మెల్లగ తిప్పుండ్రి. యాడ ఆగకుండ గుండ్రంగ తిరిగొచ్చిందా, లేకుంటే కిందికొచ్చినంక గాడిల పడ్డదా? ఈ ఒక్క ప్రశ్నతోనే మీ కుప్ప రెండుగ చీలుతది.

గాడి ఎందుకుంటదో తెలిస్తే మర్చిపోరు. ఆ గాడిలకెంచి నత్త ఒక మెత్తటి గొట్టం బయటికి సాపుతది, ఆ గొట్టంతోని నీళ్ళు లోపలికి గుంజుకొని వాసన పడ్తది, తిండి ఏ దిక్కున్నదో అట్ల తెలుసుకుంటది. అంటే గాడి ఉన్నదంటే ఎక్కువ మటుకు వేటగాడన్నట్టు, లేకుంటే సచ్చిన చేపల కోసం తిరిగేటోడు. గుండ్రటి మూతివి చానమటుకు రాళ్ళ మీది పాచి గీక్కొని తినేటియి. మన గుండీ గుల్ల అంబోనియం గుండ్రటి మూతి దిక్కే, అది ఇసుకల ఉండి నీళ్ళు వడగట్టుకొని బతుకుతది. ఒక్కడు మాత్రం దొంగ, వాడి సంగతి ఇంకొంచెం కిందికి పోయినంక చెప్త.

గాడి పక్షంల మీకు ఎక్కువ దొరికేది నాస్సారియస్. వేలిగోరంత ఉంటది, మన ముందల ఒకటి పెట్టుకొని చూద్దాం. నల్లబట్ట మీద పెట్టి లైటు పక్కకెంచి కొట్టిన. కొన నుంచి కిందికి నిలువు గీరలు, వాటిని అడ్డంగ కోసే గీతలు, రెండు కలిసిన కాడ చిన్న చిన్న పూసలు లేసినయ్. బయటి పెదవి లోపల లూపు పెట్టి చూస్తే దువ్వెన పండ్ల లెక్క గీరలు. లోపలి పెదవి దిక్కు మెరిసే పూత, గచ్చు ఒలికి ఆరినట్టు పక్కకు పాకింది. కింద గాడి పొడుగు లేదు, గోరుతోని నొక్కినట్టు చిన్న కొరుకు, అది గూడ వీపు దిక్కు మలిగింది. పూసలు, పండ్లు, పూత, మలిగిన కొరుకు, నాలుగూ ఉన్నయి కాబట్టి చీటీ మీద నాస్సారియిడే అని, అంటే నాస్సారియస్ ఇంటిపేరు, ధైర్యంగ రాసుకోవచ్చు. జాతి పేరు రాయకుండ్రి. అలలకు దొర్లి దొర్లి అరిగిన గుల్లకు జాతి పేరు పెట్టుడంటే గుండు కొట్టిచ్చుకున్నోని పాపిడి చూసి మనిషిని గుర్తుపట్టినట్టే.

పొడుగు గుల్లలల్ల రెండిట్ల తకరారు వస్తది, టురిటెల్లా, పిరెనెల్లా. రెండూ మేకు లెక్కనే ఉంటయ్. పుల్ల తిప్పుండ్రి: టురిటెల్లా మూతికి గాడి ఉండదు, ఒంటి మీద అడ్డ చుట్ల గీతలే ఉంటయ్, బోల్ట్ మరలు గుర్తుతెచ్చుకోండ్రి. పిరెనెల్లాకు కింద పొట్టి గాడి ఉంటది, అడ్డం నిలువు రెండూ కలిసి పూసలు కడ్తయ్, ముదిరిన దానికి బయటి పెదవి చేట లెక్క విచ్చుకుంటది. దొరికే జాగ గూడ సాక్ష్యమే, పిరెనెల్లా ఏరు సముద్రంల కలిసే కాడి బురదది, చీటీ మీద "ఇసుకనా బురదనా" అని రాయమని రెండో పాఠంల మొత్తుకున్నది అందుకే.

ఇగ గవ్వ. మా దేవరకొండ దిక్కు తండాలల్ల ముసలమ్మల కాడ పాత ఫేటియాలు (లంబాడీ లంగాలు) ఉంటయ్, అద్దాల పక్కన వరుసగ గవ్వలు కుట్టి. ఒక అవ్వ చినిగిన అంచు ముక్క నా చేతుల పెట్టింది, తొమ్మిది గవ్వలున్నయ్ దాని మీద. సముద్రం యాడ, ఈ గుట్టలు యాడ! పచ్చీసు ఆడిన ప్రతి ఇంట్ల గవ్వలున్నయ్ కానీ అది గూడ ఒక నత్త ఇల్లే అని ఎవరూ అనుకోరు. ఎందుకంటే దానికి కొన కనబడదు, చుట్లు కనబడయ్. పిల్ల గవ్వకు రెండూ ఉంటయ్, పలుచటి పెదవి, పండ్లు లేని మూతి, చూస్తే వేరే జాతేమో అనిపిస్తది. ముదిరినంక పెదవి లోపలికి మడుచుకొని రెండు దిక్కుల పండ్లు వస్తయ్, ఆఖరి చుట్టు పాత చుట్లన్నిటినీ మింగేస్తది. ఆడికెంచి ఇగ పొడుగు పెరగదు, మందమే పెరుగుతది. సైజు నమ్మకుండ్రి అన్నది దీనికే, ఒకే జాతిల చిన్న పెద్ద రెండూ ముదురు గవ్వలే.

తండా గవ్వలకు వీపు కోసి ఉంటది, కుట్టెటందుకు. మామూలుగైతే మొనెటారియా యాన్యులస్‌కు వీపు మీద పసుపుపచ్చ ఉంగరం ఉంటది, దాన్ని బట్టే పట్టుకుంటరు, వీపే లేకుంటే ఎట్ల? బోర్లేసి అంచు చూడుండ్రి. కోడిగుడ్డు తీరుగ నున్నటి అంచు ఉంటే యాన్యులస్. పక్కలకు కణుపులు పొడుచుకొచ్చి మూలలు తేలితే మొనెటారియా మొనెటా, ఒకప్పుడు పైసల లెక్క చెల్లింది ఇదే, మాల్దీవుల నుంచి ఓడలల్ల వచ్చేది. అవ్వ ఇచ్చిన తొమ్మిదిట్ల ఏడు మూలలవి, రెండు నున్నటివి. రెండిట్లనూ వేరు చేసి చూపెడితే అవ్వ నవ్వి, "గవ్వ గవ్వే కదా బిడ్డా" అన్నది.

పైన దొంగ అన్న కదా, వాడు నాటికా అనే నత్త. మూతి గుండ్రంగ ఉంటది, గాడి లేదు, బొడ్డు ఉంటది, ఒళ్ళు గోళీ లెక్క నున్నగ, చూస్తే పాచి తిని బతికే అమాయకుడు అనిపిస్తది. కానీ ఇసుకల పక్క గుల్లను కాలుతోని పట్టి, పులుపు ఊరించి, గీకి గీకి బెజ్జం కొట్టి లోపల మాంసం తింటది. మీ కుప్పల బెజ్జం ఉన్న గుల్లలుంటే పారెయ్యకుండ్రి, లూపు పెట్టుండ్రి. బెజ్జం పైన వెడల్పు, లోపలికి పోయేకొద్ది సన్నం, గరాటు తీరుగ ఉంటే నాటికా పని. డ్రిల్లు పెట్టినట్టు నిట్టనిలువుగ ఉంటే మ్యూరెక్స్ అనే ఇంకో వేట నత్త ఇంటోళ్ళ పని. ఒంకర టింకర పలిగితే అలలకో పీత కొండికో పలిగిందనుకోండ్రి. అంటే వేటగాడు దొరకకున్నా వాడు ఆ ఒడ్డున ఉన్నడని చీటీల రాసుకోవచ్చు.

పేర్లు రాసేటప్పుడు ఒక చిన్న సంగతి. మొనెటారియా మొనెటా (లినేయస్, 1758) అని ఉంటే ఆ బ్రాకెట్ ఊకెనే పెట్టింది కాదు. లినేయస్ అంటే ఈ జాతికి పేరు పెట్టిన శాస్త్రవేత్త, ఆయన మొదలు సైప్రియా మొనెటా అని పెట్టిండు, తర్వాత పేరుల ముందటి మాట మారింది, మారిందని చెప్పెటందుకే బ్రాకెట్. పిరెనెల్లా సింగ్యులేటా గూడ నిన్నమొన్నటిదాక సెరిథిడియా సింగ్యులేటా, పాత పుస్తకాలల్ల ఆ పేరే ఉంటది. రెండూ ఒకటే, రెండు కుప్పలు పెట్టకుండ్రి.

ఏరేటప్పుడు ఖాళీవే ఏరుండ్రి, లోపల సన్యాసి పీత ఉంటే ఆడనే వదిలెయ్యండ్రి. కొన్ని సముద్రపు గుల్లలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నయి, ఒడ్డున దుకాణంల దొరికింది కదా అని పెద్దపెద్దవి కొనకుండ్రి.

వచ్చే పాఠం దాక పని: ముప్పై గుల్లలు తీసుకొని రంగు చూడకుండ పుల్ల ఒక్కటే తిప్పి రెండు కుప్పలు పెట్టుండ్రి. సముద్రం పోలేనోళ్ళు నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట మీద చేసుకోవచ్చు, పేరుకన్న సముద్రమే కదా, ఆడ దొరికేటియి మంచినీళ్ళ నత్తలు కాబట్టి గాడి ఉన్నది దాదాపు దొరకదు కానీ కొన పైకి పట్టుడు, చుట్లు, బొడ్డు చూసుడు చేతికి అలవాటైతది. నాలుగో పాఠంల బొడ్డు. నా డబ్బాల పదిహేడో నంబర్ చీటీ మీద "గుండ్రటి మూతి, బొడ్డు సగం పూడింది" అని రాసి ఉన్నది, దాన్నే ముందలేసుకొని మొదలుపెడదాం.